దేశానికి అధికారిక మతం ఉంటే తప్పేంటి? (తిట్లు వద్దు, మామూలుగా మాట్లాడుకుందాం)

కేపీహెచ్‌బీ_శ్రీను | శనివారం రాత్రి 9:12
ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నానండి, ఇక్కడ అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మన దేశానికి ఒక అధికారిక మతం ఉందని రాజ్యాంగంలో రాసుకుంటే ఏం మునిగిపోద్ది? ఇంగ్లాండ్‌లో రాజుగారే చర్చికి పెద్ద, వాళ్ళ ఎగువ సభలో 26 మంది బిషప్పులకి సీట్లున్నాయి, చట్టాల మీద ఓటు కూడా వేస్తారు. డెన్మార్క్ రాజ్యాంగంలో అయితే లూథరన్ చర్చిని ప్రభుత్వమే ఆదుకోవాలని రాసుంది. వాటినెవరూ వెనకబడ్డ దేశాలు అనరు, మన పిల్లలు అక్కడికెళ్ళడానికే వీసా లైన్లో నిలబడతారు. మనం ఆ మాట ఎత్తితే మాత్రం అందరూ ఉలిక్కిపడతారు. ఎవర్నీ ఇబ్బంది పెట్టమనట్లేదు, ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోనివ్వండి, కానీ 80 శాతం జనం ఒక మతం వాళ్ళయినప్పుడు ఆ సంగతి పైకి చెప్పుకోడానికి మొహమాటం ఎందుకు? పైగా సెక్యులర్ అంటూనే గుళ్ళ హుండీలు మాత్రం ప్రభుత్వం లెక్కపెడుతుంది, మసీదు జోలికి, చర్చి జోలికి వెళ్ళదు, ఇదెక్కడి న్యాయం చెప్పండి.

మల్కాజ్‌గిరి_మల్లన్న | 9:31
శ్రీనన్నా, ఒక్క ముచ్చట అడుగుత. అధికారిక మతం అంటున్నవ్ గదా, అండ్ల మా పోచమ్మ ఉంటదా ఉండదా? ఆషాఢంల బోనాలు గోల్కొండల షురూ అయితయి, తర్వాత లష్కర్ ఉజ్జయిని మహంకాళి, తర్వాత లాల్‌దర్వాజ. మా బస్తీల గుడికాడ సాక పోస్తం, కల్లు పెడతం, యాటను కోస్తం. జంతుబలి చెయ్యొద్దని 1950ల చట్టం చేసిన్రు, అది ఇప్పటికి పుస్తకంల ఉన్నది, మేం ఇప్పటికి కోస్తనే ఉన్నం, పోలీసోళ్ళు చూసీ చూడనట్టు పోతరు. రేపు దేశానికి మతం అధికారికం అయినంక దానికి ఒక రూల్ బుక్ వస్తది గదా, అది రాసేటోడు ఎవడు? మా పోతరాజు అయితే కాదు.

కేపీహెచ్‌బీ_శ్రీను | 9:38
అదంతా హిందూ ధర్మంలో భాగమే కదా మల్లన్న గారూ, ఎవరు కాదన్నారు? మా తూర్పుగోదావరిలో మాత్రం జాతరలు లేవా?

మల్కాజ్‌గిరి_మల్లన్న | 9:40
నువ్వు కాదనవ్ అన్నా, నువ్వు మంచోడివే. రాసేటోడి సంగతి అడిగిన నేను.

పంతులుగారబ్బాయి | 10:05
గుళ్ళ మాట వచ్చింది కాబట్టి నేను కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. మాది తరాలుగా అర్చకత్వం చేసే ఇల్లు, నాన్నగారు ఇప్పటికీ జిల్లాలో ఒక చిన్న శివాలయంలో చేస్తున్నారు, నేను మాత్రం గచ్చిబౌలిలో టెస్టింగ్ ఉద్యోగం. 1987లో ఉమ్మడి రాష్ట్రంలో దేవాదాయ చట్టం వచ్చింది, దాంతో వంశపారంపర్య హక్కు పోయింది, దాని మీద కోర్టుకెళ్తే 1996లో సుప్రీం కోర్టు కూడా చట్టం సరైనదే అంది. తర్వాత 2007లో సవరణ చేసి అర్చకులకి కొంత ఊరట ఇచ్చారు, అది వేరే సంగతి. నేను చెప్పొచ్చేదేంటంటే, శ్రీను గారు అనుకుంటున్నట్టు అధికారిక మతం వస్తే గుళ్ళు ప్రభుత్వం చేతిలోంచి బయటికి రావు, ఇంకా లోపలికి పోతాయి. మీరు డెన్మార్క్ అన్నారు, అక్కడ చర్చికి సంబంధించిన చట్టాలు చేసేది పార్లమెంటు, దానికో మంత్రి ఉంటాడు. అంటే దేవుడికి కూడా ఒక డిపార్ట్‌మెంట్ అన్నమాట. మాకు ఆల్రెడీ ఉంది అలాంటి డిపార్ట్‌మెంట్, ఈవో (గుడి మీద ప్రభుత్వం పెట్టే అధికారి) గారొచ్చి ఏ సేవకి టికెట్ ఎంతో, ప్రసాదం కాంట్రాక్టు ఎవరికో, ఉత్సవం బడ్జెట్ ఎంతో చెప్తారు, నాన్నగారు తలూపి లోపలికెళ్ళి దీపం పెట్టుకుంటారు. దీన్ని దేశం మొత్తానికి పెంచమంటున్నారు మీరు. హుండీ డబ్బులు పోతున్నాయని బాధపడుతూ, ఆ డబ్బులు తీసుకునేవాడికే మతం మొత్తం రాసిచ్చేద్దాం అంటే ఎలా అండీ?

ఇంకోటి, మనూళ్ళోనే చిలుకూరు ఉంది కదా, బాలాజీ గుడి, హుండీయే లేదు. జనం రాకుండా ఉన్నారా?

సైదాబాద్_సలీం | 10:22
మసీదు జోలికి ప్రభుత్వం వెళ్ళదని శ్రీను భాయ్ అన్నాడు, ఎవరు చెప్పారు భాయ్ నీకు? మసీదుల, దర్గాల ఆస్తులు చూసే వక్ఫ్ బోర్డు ఎవరిది? 1995 చట్టం కింద ఏర్పడింది, పైన సీఈవోని పెట్టేది రాష్ట్ర ప్రభుత్వం. 2025లో మళ్ళీ సవరణ చేశారు, దాని మీద దేశమంతా ఎంత గోల అయిందో టీవీల్లో చూసే ఉంటావు. పంజాబ్‌లో గురుద్వారాలకి 1925 నాటి చట్టం ఉంది. ఇంకా హైదరాబాద్‌లో వక్ఫ్ భూములు ఎన్ని కబ్జా అయ్యాయో ఆ లెక్క మొదలుపెడితే తెల్లారిపోద్ది. నువ్వు ఈవో గురించి ఏడుస్తావ్, మేము ముతవల్లీ (వక్ఫ్ ఆస్తి చూసుకునేవాడు) గురించి ఏడుస్తాం, అంతే తేడా.

ఉప్పల్_రాజా | 10:25
57 ముస్లిం దేశాలున్నాయి, వందకు పైగా క్రిస్టియన్ దేశాలు, మనకి ఒక్కటి కూడా లేదు. ఇంక చర్చ అనవసరం.

సైదాబాద్_సలీం | 10:34
57 అనేది ఓఐసీ అనే ఇస్లామిక్ దేశాల సంస్థలో మెంబర్ల లెక్క రాజా భాయ్, అందులో అందరికీ రాజ్యమతం ఉందని కాదు. టర్కీ 1928లోనే రాజ్యాంగంలోంచి ఆ వాక్యం తీసేసింది. సెనెగల్ సెక్యులర్, ఉజ్బెకిస్తాన్ సెక్యులర్, అల్బేనియా సెక్యులర్. ఇండోనేషియాలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ మంది ముస్లింలు ఉన్నారంటారు, అక్కడ కూడా ఇస్లాం రాజ్యమతం కాదు, పంచశీల అని ఐదు సూత్రాలు పెట్టుకున్నారు.

పాకిస్తాన్ సంగతి చెప్తా విను, ఎందుకంటే నువ్వు ఎలాగూ తర్వాత అదే తెస్తావ్. 1947 ఆగస్టు 11న జిన్నా అసెంబ్లీలో, మీరు ఏ మతం వాళ్ళయినా రాజ్యానికి దాంతో పని లేదు అన్నాడు. 1956లో ఇస్లామిక్ రిపబ్లిక్ అని పేరు పెట్టుకున్నారు, 1973 రాజ్యాంగంలో రాజ్యమతం ఇస్లాం అని రాసుకున్నారు. సరే, 90 శాతం పైన ముస్లింలే, ఎవరికి నష్టం అనుకున్నారు. సరిగ్గా ఏడాది తర్వాత, 1974లో, పార్లమెంటు కూర్చుని అహ్మదీలు అనే శాఖ వాళ్ళు ముస్లింలు కాదని సవరణ పాస్ చేసింది. 1984లో జనరల్ జియా ఆర్డినెన్స్ తెచ్చాడు, అహ్మదీ తన గుడిని మసీదు అని పిలిస్తే జైలు. అక్కడ మొదటి దెబ్బ హిందువుకో క్రిస్టియన్‌కో తగిలిందనుకుంటారు అందరూ, అసలు దెబ్బ మేం కూడా ముస్లింలమే అన్నోళ్ళకి తగిలింది. మల్లన్న అడిగిన ప్రశ్న అదే, రూల్ బుక్ ఎవడు రాస్తాడని.

మ్యూనిక్_లో_మనోడు | 10:58
యూరప్ పేరు తలుచుకున్నారు కాబట్టి హాజరు. నాది మెహదీపట్నం, ఇక్కడ కార్ల కంపెనీలో పని. జర్మనీకి రాజ్యమతం లేదు, 1919 రాజ్యాంగంలోనే రాజ్య చర్చి ఉండదని రాసుకున్నారు, ఇప్పటి రాజ్యాంగంలో కూడా అదే వాక్యం ఉంచారు. అయినా ఇల్లు మారగానే మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ రాయించుకోవాలి కదా, ఆ ఫారంలో మతం గడి ఉంటుంది, క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాశారంటే జీతంలోంచే చర్చి పన్ను కట్ అవుతుంది, మా బవేరియాలో ఆదాయ పన్ను మీద 8 శాతం, చాలా రాష్ట్రాల్లో 9. మా టీమ్‌లో కేరళ నుంచి వచ్చిన కుర్రాడు భక్తిగా క్యాథలిక్ అని రాసి మొదటి జీతం స్లిప్ చూసి లబోదిబో అన్నాడు. వద్దనుకుంటే మళ్ళీ సర్కారు ఆఫీసుకే వెళ్ళి నేను చర్చి వదిలేస్తున్నా అని సంతకం పెట్టాలి. ప్రతి ఏడాదీ లక్షల మంది అలా పెడుతున్నారు.

ఇంకో మాట. 2018లో ఇక్కడి ముఖ్యమంత్రి ప్రభుత్వ ఆఫీసుల గుమ్మం దగ్గర శిలువ పెట్టాలని ఆర్డరేశాడు, అది మతం గుర్తు కాదు మా సంస్కృతి గుర్తు అన్నాడు. ఒప్పుకోనని గట్టిగా అన్నది ఎవరనుకున్నారు? మ్యూనిక్ కార్డినల్ గారే. శిలువని సంస్కృతి గుర్తుగా మాత్రమే చూస్తే దాని అర్థం మీకు తెలీనట్టే అన్నాడు. నాకు భలే నచ్చింది ఆయన మాట.

కేపీహెచ్‌బీ_శ్రీను | 11:10
అందరూ కలిసి నా మీద పడ్డారు బానే ఉంది. పాకిస్తాన్ ఒక్కటే ఉదాహరణా అండీ? నేపాల్ చూడండి, మొన్నటిదాకా హిందూ రాజ్యం, అక్కడేం మారణహోమాలు జరగలేదే. ఇప్పుడు జనం మళ్ళీ హిందూ రాజ్యం కావాలని ఖాట్మండూ రోడ్ల మీదకొస్తున్నారు, 2025 మార్చిలో ఎంత పెద్ద గొడవైందో చూశాం కదా. వాళ్ళకేం కావాలో వాళ్ళకి తెలీదంటారా?

అడ్మిన్ | 11:14
ఉప్పల్_రాజా, ఇంకొకరు కలిపి పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఒకరి తల్లిదండ్రుల పేర్లు ఎత్తడం చర్చ కాదు. మళ్ళీ అయితే ఐడీ వారం బ్లాక్.

నాగోల్_నవీన్ | ఆదివారం ఉదయం 7:20
నేపాల్ గురించి కొంచెం చదువుకున్నవాణ్ణి, పొద్దున్నే కాఫీతో కూర్చున్నా కాబట్టి పొడుగ్గా ఉంటుంది క్షమించాలి. హిందూ రాజ్యం అని రాజ్యాంగంలో రాసింది 1962లో, రాజు మహేంద్ర పార్టీలన్నిటినీ బ్యాన్ చేసి పంచాయత్ వ్యవస్థ పెట్టుకున్నప్పుడు. దానికి ముందు 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం ఉండేది, అందులో ఏ కులం పైన ఏ కులం కింద, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగొచ్చు అన్నది చట్టంలోనే రాసిపెట్టారు, ఒకే నేరానికి కులాన్ని బట్టి శిక్ష మారేది. 1963 దాకా నడిచింది అది. మారణహోమం జరగలేదు నిజమే, కానీ పహాడీ బ్రాహ్మణ ఛత్రీ ఆచారమే రాజ్యం ఆచారం అయ్యింది, కొండల్లో ఉండే తమాంగులు, మగర్లు, గురుంగులు వాళ్ళ పూజలు వాళ్ళవి అనుకున్నోళ్ళు అందరూ దాని కింద ఒక మెట్టు దిగి నిలబడాల్సి వచ్చింది. 2006లో సెక్యులర్ అని ప్రకటించినప్పుడు ఆ జనజాతుల వాళ్ళు అడిగారు కాబట్టే ఆ మాటకి బలం వచ్చింది, ఊరికే బయట దేశాల వాళ్ళు చెప్తే రాలేదు.

ఇప్పుడు శ్రీను గారికి పనికొచ్చే పాయింట్ కూడా నేనే ఇస్తా. 2015 రాజ్యాంగంలో సెక్యులర్ అని రాసి, పక్కనే, సెక్యులర్ అంటే సనాతనంగా వస్తున్న మతాన్ని, సంస్కృతిని కాపాడటం కూడా అని వివరణ తగిలించారు. మతం మార్పించడం నేరం. ఆవు జాతీయ జంతువు, చంపితే జైలు. అంటే పేరు మారింది కానీ ఇల్లు ఖాళీ చెయ్యలేదు. మరి ఇంత ఉన్నాక కూడా కొందరు రాజు కావాలి, హిందూ రాజ్యం కావాలి అంటున్నారంటే, అక్కడ ఏడాదికో రెండేళ్ళకో ప్రభుత్వాలు కుర్చీలాట ఆడుతున్న విసుగు కూడా అందులో ఉంది, మొత్తం మతమే అనుకోకండి.

బంగ్లాదేశ్ ఇంకా విచిత్రం. 1972లో సెక్యులర్, 1977లో జియావుర్ రహ్మాన్ ఆ మాట తీసేశాడు, 1988లో ఎర్షాద్ ఇస్లాంని రాజ్యమతం చేశాడు. ఇద్దరూ సైన్యం నుంచి వచ్చినవాళ్ళే, ఓట్లతో కుర్చీ ఎక్కినవాళ్ళు కాదు. 2011లో సెక్యులర్ మాట తిరిగి పెట్టారు కానీ రాజ్యమతాన్ని తియ్యలేదు, రెండూ ఒకే రాజ్యాంగంలో. ఎక్కినవాడు తియ్యడానికి భయపడతాడు, అదీ దీంట్లో ఉన్న చిక్కు.

మారేడ్‌పల్లి_మేరీ | 8:45
చర్చికి వెళ్ళే ముందు ఒకటి రాసిపోతా. అందరూ సెక్యులర్ అంటే ఏదో అమ్మ ఒడిలా మాట్లాడుతున్నారు కానీ మన రాజ్యం మతం చూడకుండా ఉందా అసలు? 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులు చూడండి, ముందు హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. మా అమ్మమ్మ వాళ్ళది మెదక్ దగ్గర పల్లె, మాలపల్లెలోనే ఇల్లు, బావి దగ్గర అవమానం బాప్తిస్మానికి ముందూ తర్వాతా ఒకటే, కానీ కాగితం మీద ఆవిడ ఎస్సీ కాదు. పక్కింట్లో ఉండేది అమ్మమ్మ సొంత చెల్లెలే, బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి ఆవిడ ఎస్సీ. కాబట్టి శ్రీను గారూ, అధికారిక మతం లేదని మీరు బాధపడుతున్నారు, నాలాంటి వాళ్ళకి సర్టిఫికెట్ ఆఫీసులో అది ఎప్పట్నుంచో ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంక దాన్ని రాజ్యాంగం మొదటి పేజీలో కూడా రాస్తే ఆ గుమాస్తా మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నా.

హైకోర్టు_మెట్లు | 11:30
ఆదివారం కదా, ఖాళీ. కేసుల సంగతి నేను చెప్తాను. 1948 నవంబరు 15న రాజ్యాంగ సభలో కేటీ షా సెక్యులర్ అనే మాట చేర్చమని సవరణ పెడితే అంబేడ్కర్ వద్దన్నారు, సమాజం ఎలా ఉండాలో ఇప్పుడే కట్టేయకూడదు, జనం కాలాన్ని బట్టి తేల్చుకోవాలి అన్నది ఆయన వాదన. ఆ మాట ప్రవేశికలోకి వచ్చింది 1976లో ఎమర్జెన్సీలో, 42వ సవరణతో. చాలా మంది ఇక్కడితో ఆగిపోయి ఎమర్జెన్సీ సరుకు కాబట్టి తీసేద్దాం అంటారు. కానీ 1973లో కేశవానంద భారతి తీర్పులో, అంటే ఆ మాట పెట్టకముందే, చీఫ్ జస్టిస్ సిక్రీ రాజ్యాంగం మౌలిక స్వరూపంలో, అంటే పార్లమెంటు కూడా మార్చలేని భాగంలో, దీన్ని లెక్కేశారు. 1994 బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల బెంచ్ మళ్ళీ అదే చెప్పింది. 2024 నవంబరులో ఆ మాట తీసేయమన్న పిటిషన్లని సుప్రీం కోర్టు కొట్టేసింది. కాబట్టి పార్లమెంటులో ఎంత మెజారిటీ ఉన్నా, ఈ తీర్పులు ఉన్నంత కాలం శ్రీను గారి సవరణ కోర్టులో నిలబడదు.

ఇంకో సరదా విషయం, 290ఏ అధికరణ చదవండి. కేరళ ఏటా 46 లక్షల 50 వేలు ట్రావెన్‌కోర్ దేవస్వం నిధికి ఇవ్వాలి, తమిళనాడు 13 లక్షల 50 వేలు అక్కడి గుళ్ళ నిధికి ఇవ్వాలి. సంస్థానాల భూములు కలిపేసుకున్నప్పటి ఒప్పందం అది. సెక్యులర్ రాజ్యాంగంలోనే ఉంది, ఎవరూ తియ్యమని అడగరు.

మల్కాజ్‌గిరి_మల్లన్న | 12:05
వకీల్ సాబ్ మంచిగ చెప్పిండు. జర మన పట్నం ముచ్చట కూడ చెప్పుకోవాలె. నిజాం జమానల మతానికి ఒక సర్కారీ మహకమా (శాఖ) ఉండె, ఉమూరె మజహబీ అని. గుళ్ళకి, మసీదులకి రెండింటికి పైసలిచ్చేది, అది నిజమే, కానీ కొత్త గుడి కట్టాలన్నా, పాతది మరమ్మతు చెయ్యాలన్నా గాళ్ళ పర్మిషన్ కావాలె. ఆర్యసమాజపోళ్ళు హోమగుండం పెట్టుకుందామంటె కూడ అడగాలె. అందుకే 1938, 39ల సత్యాగ్రహం చేసిన్రు, దేశం నలుమూలల నుంచి వచ్చి వేలమంది జైళ్ళకి పోయిన్రు. వాళ్ళేం అడిగిన్రు? మా మతాన్ని అధికారికం చెయ్యమనా? మా పూజకి నీ పర్మిషన్ ఎందుకు అని అడిగిన్రు. 1938లనే ఉస్మానియాల పిల్లలు వందేమాతరం పాడితే కాలేజీల నుంచి ఎల్లగొట్టిన్రు. శ్రీనన్నా, నీ పర్మిషన్ ఆఫీసు ఇంకొకడి పేరు మీద మళ్ళ తెరుస్తవా?

సైదాబాద్_సలీం | 12:20
మల్లన్నా వాహ్. దానికి ఒకటి కలుపుతా. మా వైపు బీబీకా ఆలం ఊరేగింపు ముహర్రంలో ఏనుగు మీద వెళ్తుంది, పోలీస్ కమిషనర్ వచ్చి ధట్టీ (మొక్కుగా కట్టే గుడ్డ) కడతాడు. భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. తెలంగాణ వచ్చాక 2014లో బోనాలు, బతుకమ్మ రాష్ట్ర పండుగలయ్యాయి. ఎల్బీ స్టేడియంలో ఇఫ్తార్, క్రిస్మస్ విందు. ఫ్రాన్స్ వాడికి ఇవన్నీ చూపిస్తే మూర్ఛపోతాడు. నాకైతే ఇందులో సగం ఓట్ల నాటకమే అనిపిస్తుంది, కానీ ఆ నాటకంలో ఎవరి వంతు వాళ్ళకి వస్తుంది. ఒక్కరి పేరు రాసేసినంక మిగతా వాళ్ళు అతిథులైపోతారు, అతిథి ఎంత మర్యాదగా చూసినా వంటింట్లోకి రాడు.

మ్యూనిక్_లో_మనోడు | 12:41
ఫ్రాన్స్ వాడు అంత శుద్ధం ఏం కాదు సలీం భాయ్. 1905లో చర్చిని రాజ్యాన్ని విడగొట్టినప్పుడు అల్సేస్ జర్మనీ చేతిలో ఉంది, అందుకని ఆ చట్టం అక్కడ ఇప్పటికీ లేదు, స్ట్రాస్‌బర్గ్‌లో పాదిరికి జీతం ప్రభుత్వమే ఇస్తుంది. ఎక్కడికెళ్ళినా ఇలాంటి మినహాయింపు ఒకటి దొరుకుతుంది.

కేపీహెచ్‌బీ_శ్రీను | 1:15
సరేనండి, నా వాదన కొంచెం మార్చి అడుగుతా, వెనక్కి తగ్గానని మాత్రం అనుకోవద్దు. ఇంగ్లాండ్ గురించి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు, అక్కడ రాజ్యమతం ఉండి కూడా హిందువు ప్రధానమంత్రి అయ్యాడు. అంటే రాజ్యమతం ఉంటే ఖచ్చితంగా చెడే జరుగుతుందని కాదు. అయినా సరే, మీరందరూ ప్రభుత్వం మతంలో వేలు పెట్టకూడదు అంటున్నారు కాబట్టి ఒక డీల్. దేవాదాయ శాఖ తీసేద్దాం, వక్ఫ్ బోర్డు నుంచి ప్రభుత్వాన్ని తీసేద్దాం, ఇఫ్తార్లు, పట్టువస్త్రాలు, క్రిస్మస్ గిఫ్టులు, ఇమాం గౌరవ వేతనాలు అన్నీ బంద్. అలా చేస్తే ఇప్పుడే సెక్యులర్ వైపు వచ్చేస్తా. ఒప్పుకుంటారా?

మారేడ్‌పల్లి_మేరీ | 2:02
ఇంగ్లాండ్‌కి జవాబు నేను చెప్తా. అక్కడ అంత ప్రశాంతంగా ఉండటానికి కారణం ఆ చర్చి పళ్ళు ఒక్కోటీ ఊడిపోతూ రావడం. 1829 దాకా క్యాథలిక్కులు పార్లమెంటులో కూర్చోలేకపోయారు, యూదులకి 1858 దాకా ఆగాల్సి వచ్చింది. ఐర్లాండ్‌లో 1871లో, వేల్స్‌లో 1920లో రాజ్య చర్చి తీసేశారు. ఇవాళ మీరు చూస్తున్నది ఆ పళ్ళు ఊడిన చర్చి. మనం కొత్తగా పెట్టుకునేది పాలపళ్ళతో మొదలవుతుంది శ్రీను గారూ. మీ డీల్‌కి నేను రెడీ, ఎస్సీ ఉత్తర్వుల్లో మతం గడి కూడా తీసేస్తేనే.

సైదాబాద్_సలీం | 2:10
నేనూ రెడీ. కబ్జా అయిన భూములు తిరిగొచ్చాక.

పంతులుగారబ్బాయి | 2:36
మీరంతా రెడీ అనేశారు బాగానే ఉంది, నేను రెడీ కాదు. నాన్నగారి గుడికి ఏడాది మొత్తం హుండీలో వచ్చేది పెద్ద గుడిలో ఒక్క పూట వచ్చేదాంట్లో చిల్లర. ధూప దీప నైవేద్యం పథకం ఉంది కాబట్టి అక్కడ దీపం వెలుగుతోంది, మొదట్లో 2,500 ఇచ్చేవారు, ఇప్పుడు తెలంగాణలో నెలకి 10,000. దేవాదాయ శాఖని తీసేసిన మర్నాడు ఆ పదివేలు ఎవరు పంపుతారు? పెద్ద గుళ్ళ ట్రస్టీలు పంపుతారని నాకైతే నమ్మకం లేదు, మా జిల్లాలో వాళ్ళెవరో, ఏ కులమో, ఏ పార్టీయో నాకు తెలుసు. ఈవో మీద కోపం ఉన్నా ఈవో మీద కనీసం ఆర్టీఐ పెట్టొచ్చు.

కేపీహెచ్‌బీ_శ్రీను | 2:50
మరి నిన్న రాత్రి ఈవో గురించి అంత తిట్టారు కదండీ?

పంతులుగారబ్బాయి | 2:58
తిడతాను, రేపూ తిడతాను. మతం మొత్తం ఆయన చేతిలో పెట్టొద్దనే చెప్పా, పదివేలు ఆపెయ్యమనలేదు.

హైకోర్టు_మెట్లు | 3:20
చట్టం ప్రకారం చూస్తే పంతులుగారబ్బాయిది అసాధ్యమైన కోరికేం కాదు. 27వ అధికరణ ప్రకారం ఒక మతాన్ని పెంచి పోషించడానికని ప్రత్యేకంగా పన్ను వెయ్యకూడదు, అంతేగానీ మామూలు ఖజానా నుంచి కొంత సాయం చేస్తే తప్పని కోర్టులు ప్రతిసారీ అనలేదు. 25(2) కింద గుడికి సంబంధించిన డబ్బు, ఆస్తి లాంటి లౌకిక వ్యవహారాల మీద చట్టం చెయ్యొచ్చు, పూజ ఎలా చెయ్యాలన్న దాంట్లోకి మాత్రం వెళ్ళకూడదు. 1954 శిరూర్ మఠం కేసు నుంచి ఆ గీత ఎక్కడ గియ్యాలా అనే కొట్టుకుంటున్నాం. చిన్న గుళ్ళ నిధి సంగతి వేరే థ్రెడ్ పెట్టండి, ఇది ఇప్పటికే పొడుగైంది, నా దగ్గర రెండు తీర్పులున్నాయి అక్కడ పెడతా.

మల్కాజ్‌గిరి_మల్లన్న | 3:31
పెట్టు వకీల్ సాబ్. మా పోచమ్మ గుడి ఏ రిజిస్టర్ల లేదు, దానికి పదివేలు వస్తయా రావా అది కూడ చెప్పు.